నా జబ్బుకూ మోకాళ్ళ నొప్పులు

మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు నన్ను బాతుల టీచరమ్మ అంటారు. ఎదురుగా అనరు. నేను వీధి మలుపు తిరిగాక అంటారు. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయని వాళ్ళకు తెలియదు.

మాది జువ్వలదిన్నెకు దగ్గర్లో ఒక ఊరు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, రిటైరయ్యాను. మా ఆయన వరి పండించాడు, కొన్నాళ్ళు రొయ్యల గుంటలు చూశాడు, ఇప్పుడు అరుగు మీద కూర్చుని పక్కవాళ్ళ వరి ఎలా పండించాలో చెబుతుంటాడు. మాకు పిల్లల్లేరు. ఎదురింట్లో మా చెల్లెలు ఉంది. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య వీధి ఉందన్న సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

బాతుల సంగతి చెప్పేస్తాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజలు తినడానికి బాతులవాళ్ళు మందలు తోలుకొస్తారు. అప్పటికి కొన్నాళ్ళుగా నాకు నిద్ర పట్టడం లేదు, పట్టాలనీ లేదు. ఒళ్ళంతా వెలుగు నింపుకున్నట్టుండేది. ఏ చెట్టును చూసినా నాతో ఏదో చెప్పబోతున్నట్టుండేది. బడి నుంచి వస్తుంటే గట్టు మీద బాతులు వరుస తప్పకుండా నడుస్తున్నాయి. మా ఎనిమిదో తరగతి ఏనాడూ అలా నడవలేదు. అంతే, నా చేతి గాజులు తీసి బాతులాయనకు ఇచ్చేసి మందను ఇంటికి తోలుకొచ్చాను.

మా ఆయన పొలం నుంచి వచ్చేసరికి ఇల్లంతా బాతులే. మా అత్తగారు మంచం మీద కాళ్ళు పైకి లాక్కుని కూర్చుని ఉంది. ఆమె దిండు మీద ఒక బాతు కూర్చుని ఉంది.

"ఏంది మే ఇది?" అన్నాడు మా ఆయన.

"పిల్లలు. రేపట్నుంచి వీళ్ళకు పాఠాలు," అన్నాను.

"ఏం పాఠాలు?"

"నదులు. వీళ్ళకు నీళ్ళంటే ఆసక్తి ఎక్కువ."

మా అత్తగారు కొడుకు వైపు చూసి, "నాయనా, ముందు దీన్ని నా దిండు మీంచి దించరా. పాఠాల సంగతి తర్వాత చూద్దాం," అంది.

ఆ బాతులాయన మంచివాడు. మర్నాడు తనే వచ్చి గాజులు తిరిగిచ్చి, మందను తోలుకుపోయాడు. పోతూ పోతూ మా అత్తగారి మొహం చూసి జాలేసిందేమో, ఒక గంపెడు గుడ్లు పెట్టిపోయాడు.

నెల్లూరులో పెద్ద డాక్టరుగారు చూసి బైపోలార్ అన్నారు. మనసు ఒకసారి ఈ కొసకు, ఇంకోసారి ఆ కొసకు పోతుందని వివరించారు. మా ఆయన శ్రద్ధగా విని, "ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం. నువ్వు బళ్ళో చెప్పే పాఠమే గదా మే," అన్నాడు. లిథియం మాత్ర రాసిచ్చి, ఇది ఒక రకం ఉప్పేనని డాక్టరుగారు అంటే మా ఆయనకు మనసు కష్టమైంది. "మా ఊరి చుట్టూ ఉప్పు మళ్ళే గదా సార్! ఉప్పు కోసం ఇంత దూరం రావాలా?" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆయనే వాటికి వేరే పేర్లు పెట్టాడు. పైకి లేస్తే పోటు. కిందికి పోతే ఆటు. సముద్రం పక్కన పుట్టినవాళ్ళం, ధ్రువాలు మాకెందుకు?

బాతులు పోయాక ఆటు వచ్చింది. గోడ వైపు తిరిగి నెలల తరబడి పడుకున్నాను. స్నానం చెయ్యడానికి లేవాలంటే కొండ ఎక్కమన్నట్టుండేది. ఆ గోడకు సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో ఇప్పటికీ చెప్పగలను. అందులో నవ్వడానికేమీ లేదు. కాబట్టి దాన్ని అక్కడే వదిలేస్తున్నాను.

ఆ తర్వాత మాత్రలు నన్ను చాలావరకు నేల మీదే ఉంచాయి. ఎప్పుడో కొన్నేళ్ళకోసారి పోటు వచ్చేది. వస్తే మాత్రం ఊరేగింపులా వచ్చేది. ఒకసారి రేవులో పడవలన్నిటికీ నేనే పేర్లు పెడతానని రంగు డబ్బాతో బయల్దేరాను. ఇంకోసారి స్కూల్ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారికి ఆయన రూపురేఖలు మొఘల్ చక్రవర్తుల్ని తలపిస్తున్నాయని చెప్పి, ఏ చక్రవర్తినో కూడా వివరించాను. ఆయన చాలా సంతోషపడి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళు పోటు గుర్తులు కంఠతా పట్టారు. నేను పాట అందుకుంటే ఒక గుర్తు. సిమెంటు రంగు చీరలు వదిలి చిలకపచ్చ కట్టుకుంటే రెండో గుర్తు. మా ఆయన్ను "మీరు రాజులండీ" అంటే ఇక అనుమానం లేదు, మా చెల్లెలు డాక్టరుకు ఫోన్ చేసేది. పాపం ఆయన్ను రాజు అన్న ప్రతిసారీ నన్ను నెల్లూరు బస్సే ఎక్కించారు.

అరవై దాటాక పాట ఆగింది. చిలకపచ్చ చీర మా చెల్లెలు కట్టుకుపోయింది. జబ్బు తగ్గినట్టేనని అందరం అనుకున్నాం.

పోయిన ఎండాకాలం జరిగింది చెబుతాను. ముందు తెల్లవారుజామునే మెలకువ రావడం మొదలైంది. పెద్దవయసుకు నిద్ర తక్కువే గదా అనుకున్నాం. తర్వాత కోపం. చేపలమ్మే ఆమె వస్తే బుట్టలో వంజరాన్ని చూపించి, "ఇది చచ్చి ఎన్నాళ్ళయింది?" అని విచారణ జరిపేదాన్ని. గుడి మైకులో ఎవరో "శ్రద్ధ"ను "స్రద్ద" అన్నారని అక్కడికి పోయి మైకు లాక్కుని సరిగ్గా పలికి వచ్చాను. వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరు గుడ్ మార్నింగ్ పెట్టినా అందులో తప్పులు దిద్ది తిరిగి పెట్టేదాన్ని. చివరికి గ్రూపులో నేనొక్కదాన్నే మిగిలాను. మిగతావాళ్ళంతా ఇంకో గ్రూపు పెట్టుకుని అందులోకి వెళ్ళిపోయారు.

"ముసలి చాదస్తం," అన్నాడు మా ఆయన.

"రిటైరైన టీచర్లంతా ఇంతే బావా," అంది మా చెల్లెలు.

ఒకరోజు పొద్దున్నే నేను వీధి దాటి మా చెల్లెలి వంటింట్లోకి పోయాను. ఆమె ఇంకా నిద్ర లేవలేదు. అల్మరాలో డబ్బాలు చూస్తే నాకు మండిపోయింది. ఉప్పు పక్కన మెంతులు, మెంతుల పక్కన అటుకులు. ఒక నియమం లేదు, ఒక పద్ధతి లేదు. అన్నీ దించి, నేల మీద గొంతుక్కూర్చుని, అక్షరమాల ప్రకారం సర్దాను. అటుకులు, ఆవాలు, ఇంగువ, ఉప్పు... మనసు ఎంత కచ్చితంగా, ఎంత గబగబా నడుస్తోందో! సంతోషం మాత్రం లేదు. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టుంది.

మా చెల్లెలు లేచి టీ పెట్టుకోబోయి కేక పెట్టింది.

"అక్కా! చక్కెర యాడ పెట్టినావు?"

"ప దగ్గర చూడు."

"చక్కెర ప దగ్గరెందుకుంటాది?"

"పంచదార గనక."

"మనింట్లో ఎవరన్నారు పంచదార అని? అమ్మ అన్నదా? నాయన అన్నాడా? పుట్టినకాడ్నుంచి చక్కెరే గదా!"

"పుస్తకంలో పంచదార."

"నేనేమన్నా పుస్తకంలో టీ తాగుతుండానా?"

మా గొంతులు విని మా ఆయన వచ్చాడు. ఆయన వెనక పక్కింటావిడ వచ్చింది. చక్కెర చ దగ్గరే ఉండాలని ఇద్దరూ తీర్పు చెప్పారు. కందిపప్పు క దగ్గరా ప దగ్గరా అని నేను అడిగితే ఇద్దరికీ అభిప్రాయ భేదం వచ్చింది. మా ఆయన పప్పు ఏదైనా పప్పే కాబట్టి ప అన్నాడు. పక్కింటావిడ, "అట్టయితే పెసరపప్పు యాడికి పోతాది అన్నా?" అంది. "అది రెండు రకాలా ప నే గదమ్మా, అదృష్టవంతురాలు," అన్నాడు మా ఆయన. ఆ చర్చ మధ్యాహ్నం దాకా నడిచింది. మా చెల్లెలు బెల్లంతో టీ తాగింది.

అక్కడితో ఆగలేదు. మర్నాడు పక్కింటావిడ వంటిల్లు, ఆ తర్వాత ఆ పక్కది. వీధిలో ఆడవాళ్ళు తెల్లవారగానే వంటింటి తలుపుకు గొళ్ళెం పెట్టుకోవడం మొదలుపెట్టారు. అన్ని వంటిళ్ళలో గొంతుక్కూర్చుని కూర్చుని నా మోకాళ్ళు పట్టేశాయి. మా చెల్లెలికి ఎంత కోపంగా ఉన్నా అక్క కుంటుతుంటే చూడలేకపోయింది. తనకు ఎప్పుడో మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు ఉంటే తెచ్చిచ్చింది. "పూటకొకటి వేసుకో అక్కా. నా నడుముకు బాగా పనిచేసినాయి," అంది. నేను వేసుకున్నాను.

రోహిణి కార్తె ఎండలు. చెమట కారిపోతోంది, నీళ్ళు తాగడం గుర్తుండటం లేదు. కొన్నాళ్ళకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎండదెబ్బ అన్నారు. ఆ పైన చేతులు వణికాయి. గ్లాసు పట్టుకుంటే మజ్జిగ నా నోట్లోకి తప్ప అన్ని వైపులకూ పోయింది. లేచి నడవబోతే గోడ పక్కకు జరిగిపోయింది. మాట నాలుక మీద ముద్దగా తిరుగుతోంది.

మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నిజం చెప్పు మే. తాగినావా?" అన్నాడు.

"బుద్ధుందా" అని అనబోతే "బుజ్జుందా" అని వచ్చింది.

ఆయన వీధిలోకి పోయి మా చెల్లెల్ని పిలిచాడు. ఆమె పరుగెత్తుకొచ్చి, నా మొహం దగ్గర ముక్కు పెట్టి, "అక్కా, ఊదు," అంది.

ఊదాను.

"వాసన్లేదు బావా."

"ఇంకోసారి ఊదమను."

ఇంకోసారి ఊదమంటే నేను ఒరిగి మంచం మీద పడ్డాను. అప్పుడు ఇద్దరికీ భయమేసింది. మా చెల్లెలు డాక్టరుకు ఫోన్ చేసింది. పాత డాక్టరుగారు ఎప్పుడో పోయారు, ఇప్పుడు చూస్తున్నది చిన్న వయసు డాక్టరమ్మ. లక్షణాలు వినగానే ఆమె, "లిథియం ఇంకొక్కటి కూడా వెయ్యొద్దు. ఉన్నపళంగా తీసుకురండి," అంది. కారు మాట్లాడి నెల్లూరు తీసుకెళ్ళారు. దారి పొడుగునా మా ఆయన నా చెయ్యి పట్టుకునే ఉన్నాడట. అది వణుకుతుంటే ఆయన చెయ్యీ దాంతోపాటు ఊగింది. డ్రైవరు అద్దంలో చూసి, ఇద్దరికీ జబ్బేనా అని అడిగాడట.

సెలైన్ ఎక్కించారు, రక్తం తీసి చూశారు. ఒంట్లో లిథియం ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ ఉంది. మాట కుదుటపడ్డాక డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుంది.

"ఈ మధ్య వేరే మాత్రలేమైనా వాడారా అమ్మా? మోకాళ్ళకు, తలనొప్పికి?"

నేను మా చెల్లెలి వైపు చూశాను. మా చెల్లెలు ఫ్యాన్ వైపు చూసింది.

"నేనే ఇచ్చినా మేడం," అంది చివరికి. "మోకాళ్ళు పట్టేసినాయంటే..."

"మోకాళ్ళు ఎందుకు పట్టేశాయి?"

"వీధిలో డబ్బాలన్నీ అ ఆ ఇ ఈ ప్రకారం సర్దింది మేడం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. నిద్ర గురించి అడిగింది, కోపం గురించి అడిగింది. మైకు సంగతి, వాట్సాప్ సంగతి ఒక్కొక్కటే మా ఆయన చెప్పుకొచ్చాడు. అన్నీ విని, "ఇది పోటేనండీ," అంది. మా ఇంటి మాట ఆమెకూ అలవాటైపోయింది.

"అదెట్టాగమ్మా?" అన్నాడు మా ఆయన. "పాట లేదు, పచ్చ చీర లేదు. నన్నొక్కసారి రాజు అన్లేదు. పోటంటే మాకు తెలవదా?"

అప్పుడామె నిదానంగా చెప్పింది. వయసు పైబడేకొద్దీ ఈ జబ్బు తీరు మారవచ్చట. అందరికీ ఒకేలా కాదు. కొందరికి తరచుగా వస్తుంది, కొందరికి నెమ్మదిస్తుంది. నాబోటి వాళ్ళకు పోటులో సంబరం తగ్గి చిరాకు మిగులుతుంది. ఆటు మాత్రం పొడుగవుతుంది. మూత్రపిండాలు కూడా వయసుతోపాటు మందగిస్తాయి. ముప్పై ఏళ్ళప్పుడు సరిపోయిన మందు ఇప్పుడు ఒంట్లోంచి తొందరగా పోదు. దానికి తోడు నొప్పి మాత్రలు దాన్ని పోనివ్వవు, వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీళ్ళు కూడా తగ్గిపోయాయి. అందుకే ఇంత పనైంది.

మా ఆయన తలాడించి, "అంటే జబ్బుక్కూడా ముసలితనం వచ్చిందన్న మాట," అన్నాడు. ఆయన గొంతులో జాలి వినపడింది. ఎవరి మీదో తెలియలేదు.

నాకు మాత్రం అవమానంగా అనిపించింది. ఒకప్పుడు నా పోటు గురించి బోగోలు దాకా చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆవాల డబ్బాలా? ఆ మాటే అంటే డాక్టరమ్మ నవ్వాపుకుని, "డబ్బాలైనా బాతులైనా మందు మందేనమ్మా," అని, ఉప్పు మాత్ర సగానికి తగ్గించి, నిద్రకు ఇంకొకటి రాసింది. నాకు చెప్పకుండా నా పాత చీటీలన్నీ చదివిందని అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక మా చెల్లెలు మారిపోయింది. నా నోట్లోకి పోయే ప్రతి వస్తువుకూ డాక్టరమ్మ అనుమతి కావాలి. "మేడం, అక్క పుదీనా పచ్చడి తినచ్చా? మేడం, సోంపు నమలచ్చా?" అని ఫోన్లు. ఒకరోజు డాక్టరమ్మే ఫోన్ చేసి, "ఆహారం గురించి నన్ను అడగొద్దమ్మా, నొప్పి మాత్రల గురించి అడిగితే చాలు," అని బతిమాలింది. మెడికల్ షాపతన్ని మా చెల్లెలు ఎంత బెదిరించిందో గానీ, నేను జండూబామ్ కొనడానికి పోయినా అతను మా ఇంటికి ఫోన్ చేస్తున్నాడు.

వానలు మొదలయ్యేసరికి ఆటు వచ్చింది. ముందులా పడిపోవడం కాదు ఇది. బురదలో నడిచినట్టు, ప్రతి పనికీ కాలు పైకి లాక్కోవాలి. ఒక మాట అడిగితే జవాబు ఎక్కడో లోపలి నుంచి నడిచి రావాలి. ఈలోగా అడిగినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు మా ఆయన మంచం చుట్టూ తిరిగి "లే మే, లే మే" అని ప్రాణం తీసేవాడు. ఇప్పుడాయనకూ నడుం నొప్పి. ఎదురుగా ఇంకో మంచం వేసుకుని ఆయనా పడుకున్నాడు.

"టీ తాగుదామా?" అనేవాడు కాసేపటికి.

"ఊ."

"నువ్వు లేస్తావా, నేను లెయ్యాలా?"

జవాబిచ్చే ఓపిక నాకు లేదు, లేచే ఓపిక ఆయనకు లేదు. అలాగే చూరు చూస్తూ ఉండేవాళ్ళం. చివరికి మా చెల్లెలు వచ్చి, "ఇద్దర్లో రోగం ఎవరికో నాకర్థం కాలా," అని తిట్టి టీ పెట్టేది. చెబితే వింతగా ఉంటుంది, కానీ ఎదురుగా ఒకరు తోడు పడుకుని ఉంటే ఆ బురద కాస్త పలచనవుతుంది. నన్ను లేవమని ఎవరూ అనకపోవడం వల్లే నేను మెల్లగా లేచానని అనుకుంటాను.

అక్కకు మాట ఆలస్యమవుతోంది, పేర్లు మర్చిపోతోంది, మతిమరుపు జబ్బేమోనని మా చెల్లెలికి దిగులు. వానలు తగ్గాక మళ్ళీ నెల్లూరు వెళ్ళాం. ఆటులోనూ మనసు అలాగే మందగిస్తుంది, చూద్దామని డాక్టరమ్మ కొన్ని మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. పడవ, గొడుగు, జామకాయ, గంట, తాళం. వేరే సంగతులు మాట్లాడి కాసేపాగి అడిగింది. నేను ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను. ఆ ఒక్కటి అందిద్దామని మా ఆయన ఉత్సాహంగా ముందుకు వంగి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

"మీరు చెప్పండి," అంది డాక్టరమ్మ.

"ఇంకోసారి చెప్పండమ్మా. ఆమెను అడుగుతుండారని నేను సరిగా విన్లేదు."

మళ్ళీ చెప్పింది. మళ్ళీ అడిగింది. ఆయన పడవ దగ్గర ఆగి, కాసేపు అక్కడే తెడ్డు వేసి, "నిమ్మకాయ," అన్నాడు. నాకు ఫరవాలేదని, వచ్చే నెల ఆయన్ను కూడా చూపించమని డాక్టరమ్మ చెప్పింది.

మందులు తీసుకోవడానికి బయట హాల్లో కూర్చున్నాం. మా ఎదుట ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. మెరుపుల చీర, రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు, కూర్చున్న వాళ్ళందరికీ లడ్డూలు పంచుతోంది. తను సినిమా తీస్తోందట. అందరికీ వేషాలు కూడా పంచేసింది. కాంపౌండరు హీరోకు అన్న, సెక్యూరిటీ అతను పోలీసు. ఆ పిల్ల తల్లి మూల కుర్చీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ కళ్ళలో వెలుగు చూడగానే నాకు తెలిసిపోయింది. ఒకప్పుడు నా ఒంట్లో ఉన్నది అదే.

ఆ అమ్మాయి లడ్డూ ఇవ్వడానికి నా దగ్గరకొచ్చి, చటుక్కున పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"నీకూ ఇదేనా ఆంటీ?"

"ఇదే."

"వయసైతే తగ్గిపోతాదా?"

ఆ ప్రశ్నకు ఆ పిల్ల తల్లి కూడా తలెత్తి చూసింది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"నాకు పోలేదు తల్లీ. చిన్నదైంది. వేషం మార్చుకుని వస్తాది, కోపం మాదిరి, చాదస్తం మాదిరి. నీ పక్కన ఉండేవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పిపెట్టుకో. రక్తపరీక్ష మానబాక. నీళ్ళు బాగా తాగు. ఎవురు ఎంత ప్రేమగా ఇచ్చినా నొప్పి మాత్ర మాత్రం డాక్టర్ని అడక్కుండా మింగబాక."

"అంతేనా?"

"బతికినంత కాలం బాగానే బతకచ్చు. నేను ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినా."

ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపింది. "అయితే నువ్వు హీరోయిన్‌కు నాయనమ్మ. పెద్ద వేషం," అని, మా ఆయన వైపు తిరిగి ఒక కన్ను మూసి కొలిచింది. "అంకుల్ విలన్."

లోపలికి పిలిస్తే తల్లి ఆమెను తీసుకుని వెళ్ళిపోయింది.

బస్సెక్కాం. బస్సు కోవూరు దాటింది. మా ఆయన కిటికీ అద్దంలో తన మొహం చూసుకుని మీసం సవరించుకున్నాడు.

"నాలో విలన్ యాడ కనపడినాడు మే ఆ పిల్లకి?"

నేను మందుల సంచి ఒళ్ళో సర్దుకున్నాను.

"నాకు మెత్తని మొహం గదా. హీరోకు నాయన వేషం ఇయ్యచ్చు. జడ్జి వేషం ఇయ్యచ్చు. సెక్యూరిటీ వాడికి పోలీసు వేషమిచ్చి..."

బిట్రగుంట వచ్చేదాకా అదే గొడవ. అక్కడ దిగి ఆటో ఎక్కబోతూ, డ్రైవరుతో, "ఏం బాబూ, నన్ను చూస్తే నీకేమనిపిస్తాది?" అని అడిగాడు. డ్రైవరు ఆయన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఏంది పెద్దాయనా, ఎవురి మీద కోపం?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. వానల ముందు ఎప్పుడో పోయిన నవ్వు, కడుపు పట్టుకుని ఆటో రాడ్డుకు ఆనుకునేంత నవ్వు. మా ఆయన కోపంగా చూడబోయి, విలన్‌లా కనిపిస్తానేమోనని మానేశాడు.